తోడల్లుడి గాబు

నమోదు 1

మా పాత బ్యాటరీ పూరీలా ఉబ్బిపోయింది. పొద్దున్నే విద్యుత్ సంఘం వాళ్ళు పడవలో వచ్చి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని ఎత్తుకుపోయారు. దాని స్థానంలో కొలత పెట్టె బిగించారు. అది నెల రోజులు మా ఇంట్లో ఉంటుంది. పొద్దు కుంకాక మేం ఏమేం వాడుతున్నామో చూసి, మాకు ఏ సైజు బ్యాటరీ సరిపోతుందో చెబుతుంది. అప్పటిదాకా మాకు గడవడానికి దాని పొట్టలోనే కొంత కరెంటు నిలవ ఉంటుంది.

ఈ నెల రోజులూ ఇంట్లో ఒకరు నమోదు రాయాలని రూలు. మా ఆయన చిట్టబ్బాయి గారు లంకల మధ్య లాంచీ నడుపుతారు. "నాకు తీరికెక్కడిది?" అన్నారు. అందుకని రాత నా తలకు చుట్టుకుంది. నా పేరు సత్యవేణి. పూతరేకులు చేసి అమ్ముతాను. సంఘం వాళ్ళు ఈ నమోదులు చదవరని పక్కింట్లో ఉండే మా అక్క నాగవేణి చెప్పింది. ఎవరూ చదవనప్పుడు అబద్ధాలు రాయడం శ్రమ దండగ కాబట్టి నిజాలే రాస్తాను.

మా పైడిలంకలో బ్యాటరీలను వాటి అసలు పేర్లతో ఎవరూ పిలవరు. చిన్నది చెంబు, మధ్యది బిందె, పెద్దది గాబు. ఒకసారి ఎంచుకుంటే తొమ్మిదేళ్ళు అదే గతి. మధ్యలో మార్చరు.

పేర్లు నీళ్ళ పేర్లే ఎందుకయ్యాయంటే, మాకు బ్యాటరీ అంటే నీళ్ళే. సముద్రం లోపలికి వచ్చాక గోదారి ఉప్పెక్కిపోయింది. తాగే నీళ్ళు గాలిలోంచి పిండుకోవాలి. ఆ గాలినీళ్ళ మిషను చీకటి పడి, చెమ్మ పెరిగాకే బాగా పనిచేస్తుంది. పగలైతే కప్పు మీది సోలార్ ప్లేట్ల నుంచి నేరుగా నడిపించవచ్చు కానీ, పగటి గాలిలో దానికి చుక్క దొరకదు. రాత్రి బ్యాటరీ అయిపోతే తెల్లారి గొంతు తడుపుకోవడానికి కూడా ఉండదు.

నమోదు 2

కొలత పెట్టె మాట్లాడుతుంది. ఆడగొంతు, పాతకాలం పంతులమ్మ భాష. మేం కొలతమ్మ అని పేరు పెట్టాం.

రాత్రి నేను పప్పు రుబ్బుదామని మిక్సీ వేయగానే, "ప్రస్తుత వాడకము నిత్యమా, నైమిత్తికమా?" అంది.

మా ఆయన ఉలిక్కిపడ్డారు. "ఏవంటందే?"

"రోజూ ఉండేదా, ఎప్పుడో ఒకసారా అనడుగుతోంది."

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నారు. కళ్ళలో ఏదో మెరిసింది. ఆ మెరుపు నాకు తెలుసు. లాంచీకి రెండో హారన్ బిగించిన రోజు కూడా ఇలాగే మెరిసింది.

"అంటే మనం ఏది నిత్యం అంటే అది లెక్కలో కలిపేసుకుంటదన్నమాట," అన్నారు.

నమోదు 3

సంగతి ఇదీ. మా అక్క మొగుడు పేర్రాజు బావగారికి గాబు ఉంది. లంక మొత్తానికి ఉన్న ఒకే ఒక్క గాబు. సాయంత్రం అయ్యేసరికి ఆయన అద్దాల వరండాలో ఏసీ వేసుకుని, భుజం మీద శాలువా కప్పుకుని కూర్చుంటాడు. ఆ శాలువా చూస్తేనే మా ఆయనకు ఒళ్ళు మండిపోతుంది. మేమంతా విసనకర్రలతో విసురుకుంటుంటే ఈయనకు చలి!

నిన్న మా ఆయన లాంచీ కట్టేసి వస్తుంటే బావగారు పిలిచాడట. "రా తమ్ముడూ, కాసేపు మా ఇంట్లో ప్రాణం చల్లబర్చుకెళ్ళు."

అంతే. మేం కూడా గాబే తీసుకోవాలని మా ఆయన తీర్మానించేశారు.

"రాత్రిపూట మనకు కావల్సింది నీళ్ళ మిషను, రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు. దానికి బిందె చాలదాండీ?" అన్నాను.

"మన కప్పుందిగా! లాంచీ షెడ్డు మీద కూడా ప్లేట్లున్నాయి. మిట్టమధ్యాన్నానికే పెట్టె నిండిపోయి మిగతా ఎండంతా నేలపాలవుతుంది. గాబు ఉంటే అదంతా పట్టుకోవచ్చు."

"పట్టుకుని ఏం చేస్తారు?"

ఆయన కప్పు వంక చూశారు. శాలువా కొనుక్కుంటానని చెప్పలేరు కదా.

అసలు చిక్కు అది కాదు. గాబు బీరువా అంత ఉంటుంది. దానికి ఉప్పుగాలి తగలని గది కావాలి. నీళ్ళ మధ్య స్తంభాల మీద నిలబడ్డ ఇల్లు మాది, నాలుగు వైపులా గాలే. గాలి తగలనిది వెనక గది ఒక్కటే. అది నా గది. పూతరేకు చీమ తుమ్మినా ఎగిరిపోయే సరుకు. ఆ గది పోతే నా పని పోయినట్టే. ఈ మాట ఆయనకు చెప్పాను. "వసారాలో చేసుకోవచ్చుగా?" అన్నారు. ఆ రాత్రి కూరలో ఉప్పు వేయలేదు.

నమోదు 5

మా ఆయన కరెంటు ఖర్చు పెట్టడం ఉద్యోగంగా పెట్టుకున్నారు. చీకటి పడగానే ఎవరూ లేని గదిలో ఫ్యాన్ వేస్తారు. ఉతికిన బట్టలు, ఉతకని బట్టలు, చివరికి గోనెసంచులు కూడా ఇస్త్రీ చేశారు. కోళ్ళ గూట్లో దీపం పెట్టారు. పుంజు తెల్లారిందనుకుని సందె వేళ కూత మొదలుపెట్టింది, గొంతు బొంగురుపోయేదాకా ఆపలేదు.

నిన్న మిక్సీ వేసి, దాని పక్కన కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడుతున్నారు.

"మిక్సీయందు ఏ పదార్థమూ లేదు," అంది కొలతమ్మ. "ఈ వాడకము నిత్యమా, నైమిత్తికమా?"

"నిత్యం, నిత్యం!" అన్నారు ఈయన కళ్ళు తెరవకుండానే.

"ప్రయోజనము?"

"సౌండు. సౌండు లేకపోతే నాకు నిద్ర పట్టదు."

 "నమోదు చేసుకొంటిని," అంది కొలతమ్మ. ఆ గొంతులో జాలి వినిపించిందని నా అనుమానం.

నమోదు 6

నేనూ ఊరికే కూర్చోలేదు. ఆయన ఫ్యాన్ వేసి ఇటు తిరగ్గానే నేను అటు ఆపేస్తున్నాను. ఇస్త్రీపెట్టె వైరు తీసి బియ్యం డబ్బాలో దాచాను. కోళ్ళ గూట్లో దీపం ఊడదీసి, "పుంజు పొడిచింది కాబోలు," అన్నాను. వంట, రుబ్బుడు, ఇస్త్రీ, నా రేకుల పని అంతా ఎండ ఉండగానే ముగించేస్తున్నాను. ఎండలో అయ్యే పనికి బ్యాటరీతో పనేముంది?

సాయంత్రం కొలతమ్మ ప్రకటించింది. "ఈ గృహవర్తనము పరస్పర విరుద్ధముగా నున్నది. ఒకరు వెలిగింతురు. వేరొకరు ఆర్పుదురు."

మా ఆయన నా వైపు చూశారు. నేను గోడ మీద బల్లి వైపు చూశాను.

నమోదు 9

ఈ రోజుది మాత్రం నిజంగానే ఎవరూ చదవకూడదు.

కొన్నాళ్ళుగా అక్క పొద్దున్నే బిందె పట్టుకుని రెండిళ్ళ మధ్య వంతెన దాటి వస్తోంది. మొదట "మిషను కడుగుతున్నామే" అంది. తర్వాత "జల్లెడ మార్చాలే" అంది. ఈ రోజు "మిషనుకు జలుబు చేసిందే" అనేసరికి నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ దాని మొహం చూశాను. పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి.

చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కెళ్ళి తలుపు వేశాను. "నిజం చెప్పు."

ముందు నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

"గాబుకు కరెంటు ఎక్కడిదే సత్తీ? మా ప్లేట్లు బిందె నాటివి. కప్పు మీద ఇంకో ప్లేటుకు చోటు లేదు. రోజంతా ఎండ కాసినా గాబు అడుగు తడుత్తాది, అంతే. ఆ కాస్తా మీ బావగారు సాయంత్రం ఏసీకి తాగిచ్చేత్తారు. జనం వెళ్ళాక చూస్తే నీళ్ళ మిషనుకు ఏమీ మిగల్దు."

"మరి 'మా గాబు రోజూ నిండుకుంటుంది' అని అందరికీ చెబుతాడు కదే బావ?"

"అబద్ధం చెప్పలేదే. నిండుకుంటాది. మన ఇంట్లో బియ్యం నిండుకున్నట్టే."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఎంత నవ్వామంటే, ఎండబెట్టిన రేకులు రెండు ఎగిరి నేల మీద పడ్డాయి. నవ్వు ఆగాక నేను నిండు చెంబు నీళ్ళు ఇచ్చాను. గటగటా తాగేసింది. అది చూశాక నాకు మళ్ళీ నవ్వు రాలేదు.

"ఎవరికీ చెప్పకు. మీ ఆయనకసలే చెప్పకు. లాంచీ ఎక్కినోళ్ళందరికీ తెలిసిపోద్ది. మీ బావ తలెత్తుకోలేడు," అని తన తల మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది.

మా ఆయన మనసు మార్చడానికి ఇంతకన్నా మంచి ఆయుధం నాకు దొరకదు. దాన్ని ఒరలోంచి తీయడానికి లేదు.

నమోదు 10

ఈ రోజు ఒట్టుకు భంగం రాకుండా ఒక ప్రయత్నం చేశాను.

"ఏవండీ, గాబు నింపడానికి ఎన్ని ప్లేట్లు కావాలో ఎప్పుడైనా లెక్కేశారా?"

"అన్నయ్యగారిది రోజూ నిండుకుంటందిగా. ఆయనకున్నయ్యి మనకన్నా తక్కువ ప్లేట్లేగా!"

"నిండుకుంటుంది అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి."

"నిండుతుందనే. తెలుగు నాకు నేర్పుతావేంటి?" అన్నారు.

లేచి వెళ్ళి కోళ్ళకు మేత వేశాను. పుంజుకు ఇంకా గొంతు రాలేదు.

నమోదు 14

మబ్బు పట్టింది. తూర్పున వాయుగుండమట. నిన్నటి నుంచి సూర్యుడి జాడ లేదు. ప్లేట్ల మీద వాన తప్ప ఎండ పడటం లేదు. కొలతమ్మ పొట్టలో నిలవ తగ్గుతూ వస్తోంది. ఆమె కూడా క్లుప్తంగా మాట్లాడుతోంది. ఉదయం "పొదుపు," అని ఒక్క మాట అని ఊరుకుంది.

లంకలో అందరూ ఫ్యాన్లు కట్టేశారు. మా ఆయన కూడా కాస్త తగ్గారు. ఆయన్ను తగ్గించింది మబ్బు కాదు, ఇస్త్రీపెట్టె వైరు దొరక్కపోవడం.

ఇలాంటప్పుడు పేర్రాజు బావగారు ఏం చేశాడో చెప్పనా? రేపు సాయంత్రం తన వరండాలో చల్లని విందు అని లంకంతా పిలిచాడు. సంఘం అధ్యక్షుడు వీరభద్రం గారిని కూడా పిలిచాడు. వాన కాలంలో కూడా గాబున్న వాడికి లోటు లేదని చూపించుకోవాలని ఆయన పట్టుదల. అక్క వంతెన మీదికి వచ్చి రెండు చేతులూ తల మీద పెట్టుకుని నా వైపు చూసింది.

నమోదు 15

ఇది వివరంగా రాయాలి.

సాయంత్రానికి అద్దాల వరండా నిండిపోయింది. వీరభద్రం గారికి పెద్ద కుర్చీ. బావగారి భుజం మీద శాలువా. మా ఆయన ఓ మూల కూర్చుని ఏసీ వంక అదోలా చూస్తున్నారు. నేనూ అక్కా వంటింట్లో పకోడీలు వేస్తున్నాం. వాన జల్లు కిటికీలోంచి పొయ్యి దాకా వస్తోంది.

"రెండు రోజుల్నించీ నేనేదీ ముట్టుకోలేదే," అంది అక్క మెల్లగా. "ఫ్యాను లేదు, నీళ్ళు లేవు. ఈ గంటకోసం దాచాను. గట్టెక్కిత్తాదంటావా?"

వరండాలో బావగారి గొంతు ఖంగుమంటోంది. "గాబంటే మరి గాబేనండీ. ఎండేంటి, వానేంటి..."

అంతలో ఏసీ పిల్లి మూలిగినట్టు మూలిగి ఆగిపోయింది. దీపాలు పోయాయి. వరండా అంతా చీకటి. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

చీకట్లోంచి బావగారు అన్నాడు. "నేనే ఆపించానండీ. కాసేపు చుక్కలు చూద్దారని."

ఎవరో దగ్గారు. బయట కుండపోత.

"చుక్కలా?" అన్నారు వీరభద్రం గారు.

"చూడగా చూడగా కనపడతయ్యండీ."

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వరండాలో మా ఆయన గొంతు వినపడింది. "లాంచీ తాడు చూసొత్తానండీ, గాలెక్కువగా ఉంది." చెప్పులు టపటపా వంతెన మీదుగా వెళ్ళిపోయాయి. ఇంకేముంది, రేపు లాంచీ ఎక్కిన ప్రతివాడికీ కథ కథలుగా చెబుతారు అనుకున్నాను. ఆయన మీద కోపమొచ్చింది, అక్క మీద జాలేసింది, చేతిలో ఉన్న పకోడీ నేనే తినేశాను.

అప్పుడు వంటింటి కిటికీ దగ్గర ఏదో గోకిన చప్పుడైంది. చూస్తే మా ఆయన. నిలువునా తడిసి, కిటికీ ఊచల్లోంచి లాంచీ వైరు చుట్ట లోపలికి తోస్తున్నారు.

"వదినగారూ," అన్నారు గుసగుసగా, "ఇది మా ఇంటి నుంచి లాక్కొచ్చాను. గాబు వైరు ఊడదీసి, దీపాలకు దీన్ని తగిలించండి. ఏసీకి మాత్రం తగిలించకండి, అంత లేదు. నేను అటు తిరిగొత్తాను."

నేనే మెయిన్ స్విచ్ కట్టేసి, ఆయన చెప్పినట్టు వైరు మార్చాను. దీపాలు వెలిగాయి. వరండాలో అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది బావగారే. శాలువా కింద పడింది కూడా. వెంటనే తేరుకుని, "చాల్లెండి చుక్కలు, పకోడీ చల్లారిపోద్ది," అన్నాడు.

మా ఆయన వచ్చి తన మూల తాను కూర్చుని తల తుడుచుకున్నారు. "తాడు గట్టిగానే ఉందండీ," అన్నారు.

ఇంటికొచ్చాక కొలతమ్మ నిలదీసింది. "సాయంకాలము అసాధారణ వాడకము. నిత్యమా, నైమిత్తికమా?"

ఆయన తడి చొక్కా పిండుకుంటూ ఆలోచించారు. "అది చుట్టరికం."

"ఆ వర్గము నా యందు లేదు."

"లేకపోతే రాసుకో."

తర్వాత మంచం మీద కూర్చుని ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టారు. చుక్కలు, చుక్కలు అంటూ మంచం ఊగిపోయేలా నవ్వారు. ఉన్నట్టుండి ఆగిపోయారు.

"సత్యా, గాబు అడుగంటిపోయి ఉంది. అది ఇయ్యాల్టిది కాదు. వదిన రోజూ బిందెట్టుకుని మనింటికి వత్తంది ఇందుకేనా?"

నేను ఒట్టు వేసి ఉన్నాను కాబట్టి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయనకు సరిపోయింది.

నమోదు 17

ఎండ వచ్చింది. మా ఆయన పొద్దున్నే మంచి చొక్కా వేసుకుని వంతెన దాటారు. ఏం చెబుతారోనని నేనూ వెనకే వెళ్ళి స్తంభం చాటున నిలబడ్డాను.

బావగారు వరండాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. శాలువా లేదు. మా ఆయన్ను చూసి తల దించుకున్నాడు.

"అన్నయ్యగారూ, ఓ సాయం చేసి పెట్టాలండి," అన్నారు మా ఆయన.

బావగారు తలెత్తాడు. "సాయమా?"

"నా కప్పు మీదా, షెడ్డు మీదా బోల్డంత ఎండ వృథాగా పోతంది. పట్టి ఉంచుకుందారంటే నాకు గాబు లేదు. పెద్ద మనసు చేసుకుని మీ గాబులో కాస్త చోటిస్తే, నా ప్లేట్ల వైరు మీ ఇంటికి కలుపుకుంటాను. రాత్రికి నాలుగు దీపాల కరెంటు నాకిద్దురుగాని."

నేను స్తంభాన్ని గట్టిగా పట్టుకున్నాను. బావగారి చెయ్యి మీసం మీదికి పోయింది, మళ్ళీ దిగింది.

"ఆలోచిద్దాం తమ్ముడూ," అన్నాడు చివరికి. "మనోడివి. కాదనలేను."

లోపల అక్క ఏదో గిన్నె జారవిడిచింది.

నమోదు 22

నెల నిండింది, కొలత ముగిసింది. కొలతమ్మ తీర్పు చెప్పింది. "నైమిత్తికములు, వ్యర్థములు తీసివేయగా, ఈ గృహమునకు బిందె చాలును."

మేం బిందె కూడా వద్దన్నాం. వీరభద్రం గారు ఆశ్చర్యపోయారు. రెండిళ్ళ ప్లేట్లూ కలిపి గాబుకు తగిలిస్తామని, మేం మాత్రం ఒక చెంబు తీసుకుంటామని చెప్పాం. ఆ చెంబు నా ఆలోచన. ఎండ రాగానే ముందు అదే నిండాలి, తర్వాతే గాబు. అందులోంచి రెండిళ్ళ నీళ్ళ మిషన్లే నడవాలి, మరొకటి నడవకూడదు. నీళ్ళకు చెంబు, గొప్పలకు గాబు. ఈ ఏర్పాటులో మగవాళ్ళకు మాట లేదని నేనూ అక్కా ముందే తేల్చేశాం.

చెంబు నా మంచం కింద పట్టింది. వెనక గది నాకు మిగిలింది.

కొలతమ్మను తీసుకుపోతుంటే మా ఆయన పడవ దాకా వెళ్ళి సాగనంపారు. "ఏవన్నా తప్పులుంటే మనసులో పెట్టుకోకమ్మా," అన్నారు.

నమోదు 23

నమోదులు రాయాల్సిన గడువు అయిపోయింది. అయినా ఇది రాయకుండా ఉండలేను.

వైర్లు కలిపాక వరసగా మంచి ఎండలు కాశాయి. ఈ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ పేర్రాజు బావగారి ఇంట్లోంచి ఒక చప్పుడు మొదలైంది. బూర ఊదినట్టు, దాని వెనక ఎవరో కీచుగొంతుతో పాడినట్టు. లంక మొత్తం వినపడింది. తుఫాను హెచ్చరిక అనుకుని జనం కంచాలు వదిలి వంతెనల మీదికి పరిగెత్తుకొచ్చారు. వీరభద్రం గారు ఎంగిలి చేత్తోనే వచ్చారు. బావగారు గాబు చుట్టూ తిరుగుతూ, దాని తలుపు కొడుతూ, "ఏవైందిరా నీకు?" అంటున్నాడు.

బ్యాటరీ బిగించే కుర్రాడికి ఎవరో ఫోన్ చేశారు. ఫోన్లో ఆ కుర్రాడి గొంతు అందరికీ వినపడింది. "కంగారేం లేదండీ. నిండినప్పుడు అలాగే మోగుద్ది. నిండిన ప్రతిసారీ మోగుద్ది."

మోత ఆగింది. వంతెనల మీద అందరూ నిలబడిపోయారు. గాబు వచ్చి ఇన్నేళ్ళయినా ఈ చప్పుడు ఇంతకుముందు ఎవరూ వినలేదు. ఒకరి తర్వాత ఒకరు మెల్లగా బావగారి వైపు తిరిగారు. ఆయన ఆకాశం వంక చూశాడు. చుక్కలు చూపించడానికి మిట్టమధ్యాహ్నం మరి.

"ఇంతకాలం ఆ మోత నేనే ఆపించానండీ," అన్నారు, మోత విని లాంచీ ఒడ్డుకు తెచ్చిన మా ఆయన.

అందరూ ఇటు తిరిగారు.

"రోజూ మధ్యాన్నం నాకు కునుకు అలవాటు. మోత పడక అన్నయ్యగారిని బతిమాలుకుంటే, పాపం, నాకోసం ఇన్నాళ్ళూ దాని నోట్లో గుడ్డలు కుక్కి ఉంచారు. ఇయ్యాల మర్చిపోయినట్టున్నారు."

ఒక్కరు నమ్మితే ఒట్టు. ఆ సమయంలో మా ఆయన నట్టేట లాంచీ మీద ఉంటారని తెలియనివాడు లంకలో లేడు. అయినా వీరభద్రం గారు గంభీరంగా తలాడించి, "నిద్ర ముఖ్యమేలెండి," అని చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు నవ్వు దాచుకోవడానికి నానా తంటాలు పడుతూ ఇళ్ళలోకి జారుకున్నారు.

బావగారు మా ఆయన దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"భోంచేశావా తమ్ముడూ?"

"లేదండీ."

"రా. మీ వదిన పులస దొరక్క చేపేదో వండింది. ఏసీ వెయ్యను. గాలికి కూర్చుందాం."